మేలు మరవని మనసు

సంపాదకులకు నమస్కారం.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లోని మా వీధి నడుము లోతు నీటిలో ఉండిపోయింది. నీరు తీసిన తరువాత ఇంట్లో జరిగిన మొదటి ప్రార్థన కూడికలో, బియ్యం డబ్బాతో సహా అన్నీ పోగొట్టుకున్న మా పొరుగావిడ, మేడ మీదికి పిలిచి పెరుగన్నం పెట్టిన ఎదురింటివారిని తలచుకుని దేవునికి స్తోత్రం చెల్లించింది. పరిహారం జాబితాలో తన పేరు లేదని ఆ సాయంత్రమే అర్జీ కూడా రాయించుకుంది. ఈ రెండూ నాకు ఒకే విశ్వాసంలోనివిగా కనిపించాయి.

బైబిలులో ఫిలిప్పీయులకు రాసిన పత్రిక (లేఖ) 4వ అధ్యాయంలో, అపొస్తలుడైన పౌలు తాను సంకెళ్లలో ఉండి కూడా ధ్యానించమన్న వాటిలో సత్యమైనవే మొదట వస్తాయి కనుక, కష్టాన్ని లేనట్టు నటించడం మంచి తలంపు అనిపించుకోదు. థెస్సలొనీకయులకు కూడా ప్రతి విషయంలోనూ కృతజ్ఞతలు చెల్లించమన్నాడే గాని, జరిగిన ప్రతిదీ మంచిదేనని అనలేదు. దేవుడు చేసిన మేలును అందరి ముందు చెప్పుకునే మన సాక్ష్య కూడికల్లో మాత్రం ఉద్యోగమో, వీసానో, ఇంటి స్థలమో వచ్చినవారికే ఎక్కువగా మైకు అందుతోంది (ఈ మాటకు కొందరు పెద్దలు నొచ్చుకుంటారని తెలుసు). ఏమీ రాకపోయినా మేలు మరవనివారికి కూడా ఆ మైకు అందించాలని సంఘ కాపరులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, సింగ్‌నగర్, విజయవాడ