యాత్ర రసీదుపై సెలవు దినాలు ముద్రించాలి

సంపాదకులు గారికి,

పెళ్లయిన ఇన్నేళ్లకు హైదరాబాదు తీరిగ్గా చూద్దామని నేనూ నా భార్యా గత నెల నరసరావుపేట నుంచి ప్రైవేటు బస్సులో బయలుదేరాము. లక్డీకాపూల్‌లో దించుతామని టికెట్టుపై స్పష్టంగా ఉన్నా, తెల్లవారుజామున నాలుగు గంటలకు నగర శివారున దించి బస్సు వెళ్లిపోయింది. మోకాళ్ల నొప్పులతో నిలబడలేక ఆమె సంచీ మీదే కూర్చుండిపోగా, వెలుతురు వచ్చేదాకా రోడ్డు పక్కనే గడిపాము.

అంతకన్నా బాధ కలిగించింది మరొకటి. ముందుగానే డబ్బు కట్టించుకున్న ఒక ట్రావెల్ ఏజెన్సీ, శుక్రవారం పర్యటనలో సాలార్‌జంగ్ మ్యూజియాన్నీ చౌమహల్లా ప్యాలెస్‌నూ చేర్చింది. ఆ రెండింటికీ వారపు సెలవు శుక్రవారమే. గంటగంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే మ్యూజియం గడియారాన్ని చూడాలన్నది నా భార్య చిరకాల కోరిక. మూసిన గేటు ఊచలు పట్టుకుని కాసేపు లోపలికి చూసి, ఏమీ అనకుండా వెనుదిరిగింది. రుసుము వాపసు అడిగితే, ప్యాకేజీలో అలాంటి నిబంధన లేదన్నారు. సాయంత్రం గోల్కొండ కోట ప్రవేశ ద్వారం కింద ఆమె కొట్టిన చప్పట్లు కొండ మీది బాలా హిస్సార్ మండపంలో నాకు వినిపించినప్పుడు మాత్రం ఇద్దరమూ మనసారా సంతోషించాము.

యాత్ర రసీదుపై ప్రతి సందర్శన స్థలం సెలవు దినాన్నీ, చూపించలేని చోటికి రుసుము తిరిగి ఇచ్చే నిబంధననూ తప్పనిసరిగా ముద్రించేలా, ప్రయాణికులను టికెట్టులో రాసిన చోటే దించేలా పర్యాటక, రవాణా శాఖలు ఆదేశాలు జారీ చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, నరసరావుపేట