పాత పూల్ టేబుల్ కొనేవారు గుడ్డ కింద చూడాలి

సంపాదకుల గారికి నమస్కారం.

శ్రీకాకుళంలో అపార్టుమెంటు సంఘాలు, ఉద్యోగుల క్లబ్బులు పాత పూల్ టేబుళ్ల (కర్రతో బంతులను కొట్టి గుంటల్లో వేసే ఆట బల్లల) కోసం వాకబు చేయడం ఈ మధ్య తరచుగా వింటున్నాను. కొత్తది కొనే స్తోమత లేనివారికి అది మంచి దారే గాని, మా క్లబ్బు చేసిన పొరపాటు ఇంకొకరు చేయకూడదని ఈ లేఖ రాస్తున్నాను.

విశాఖపట్నంలో మూతపడిన ఒక ఆటల కేంద్రం నుంచి నిరుడు ఎనిమిది అడుగుల టేబుల్ కొన్నాం. కొత్త గుడ్డనూ, మెరిసే చెక్కనూ చూసి మురిసిపోయామే తప్ప, టేబుల్ కిందికి దూరి టార్చిలైటు వేసి చూడాలని వెళ్లిన అయిదుగురిలో ఒక్కరికీ తోచలేదు. ఆటంతా ఆధారపడేది గుడ్డ కింద ఉండే పలకరాయి మీద. పిల్లల మార్కాపురం పలకల జాతి రాయే అది. మంచి టేబుళ్లలో సుమారు అంగుళం మందాన, తరచుగా మూడు ముక్కలుగా ఉంటుంది. చౌకరకాల్లో రాయికి బదులు చెక్కపొట్టు బోర్డు వేస్తారు. మన తీరపు తేమకు అది ఉబ్బి, నడుమ కుంగుతుంది. చిరిగిన గుడ్డను, బంతి తగిలి వెనక్కి వచ్చే అంచుల్లోని గట్టిపడిన కుషన్ రబ్బరును మార్చుకోవచ్చు, వాటిని చూపి ధర తగ్గించమనీ అడగవచ్చు. అమ్మేచోట బంతి ఒక పక్కకు జారినా కంగారు పడనక్కరలేదు, చాలాసార్లు అది బిగింపులోని లోపమే. నడుమ పగిలిన రాయి ఉన్నదాన్ని మాత్రం ఎంత చౌకగా ఇచ్చినా వదిలేయాలి.

అదృష్టవశాత్తు మాది అసలు రాయే. అయితే విప్పితే మళ్లీ బిగించేవారు దొరకరన్న మాట నమ్మి, అంత బరువును పదిమంది చేత ఉన్నదున్నట్టుగా లారీకి ఎక్కించాం. దించేసరికి రాళ్ల అతుకు విచ్చుకుంది, ఒక మూల పెచ్చు లేచింది. చివరకు టెక్కలి వైపు గ్రానైటు పని చేసే మేస్త్రి ఒకాయన వచ్చి అన్నీ విప్పించారు. ముందు చట్రానికి, తరువాత ఒక్కొక్క రాయికి రసమట్టం పెట్టి, పలుచని చెక్క చీలికలతో ఎత్తులు సరిచేసి, అతుకుల్లో తేనెమైనం కరిగించి పోసి గీకారు. పూల్ టేబుల్‌ను ఆయన అంతకుముందు చూసి ఎరుగరు. మట్టం తెలిసిన చెయ్యి కనుక సరిపోయింది.

గది కొలత కూడా ముందే చూసుకోవాలి. టేబుల్ చుట్టూ కర్ర ఆడించేంత చోటు కావాలి, కర్ర పొడవు దాదాపు అయిదడుగులు గనుక ఎనిమిది అడుగుల టేబుల్‌కు సుమారు 17 అడుగుల పొడవు, పదమూడున్నర అడుగుల వెడల్పు ఉండాలి. మా హాలులో ఒక స్తంభం అడ్డువచ్చి, ఆ మూలలో పొట్టి కర్రతో ఆడుకుంటున్నాం.

సభ్యుల చందాలతో కొనే సంఘాలు రాయి మందమెంత, ఎన్ని ముక్కలు, విప్పి బిగించే బాధ్యత ఎవరిది అన్న వివరాలను రసీదులోనే రాయించుకోవాలని నా మనవి. మాకిచ్చిన రసీదులో ‘టేబుల్ ఒకటి’ అని తప్ప మరో మాట లేదు.

ఇట్లు,
ఒక క్లబ్బు సభ్యుడు,
శ్రీకాకుళం