బాటల సంగతి చూడండి: బడి తోటల అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. మా బడి కూరగాయల తోటలో బాటలను గడ్డి మొలవకుండా కప్పడానికి ఊక పంపమని మీకు ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ స్వయంగా ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. నకళ్లు నా బీరువాలో ఉన్నాయి. రెండో ఉత్తరాన్ని సోమవారం అర్జీల వరుసలో రెండు గంటలు నిలబడి ఇచ్చాను. "సంబంధిత విభాగానికి పంపించాము" అని ఫోనుకు సందేశం వచ్చింది. ఆ విభాగం మీదే కాబట్టి మళ్లీ మొదటికే వచ్చాను. అందుకే ఈసారి నలుగురి ముందు రాస్తున్నాను. కోపం ఉంది, దాచను. కోపం కంటే ఎక్కువగా భయం ఉంది. మృగశిర కార్తెకు ఇంకా మూడు వారాలే ఉంది.

తోట గురించి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పన్నెండు ఎత్తు మడులు, ఒక్కొక్కటి 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, చుట్టూ ఇటుక కట్టు. మీరే దగ్గరుండి తాడు పట్టించి కొలతలు వేయించారు. ఇటుకలకు, చెరువు మట్టికి, పశువుల ఎరువుకు, విత్తనాలకు బిల్లులు మంజూరు చేశారు. అందుకు ఈరోజుకీ కృతజ్ఞురాలిని. ఆ రోజే అడిగాను, మడుల మధ్య బాటల్లో ఏం వేద్దాం సార్ అని. "బాటల సంగతి నేను చూసుకుంటాను మేడం, వానల్లోపు ఊక పంపిస్తాను" అన్నారు. పిల్లలందరూ విన్నారు. ఆ మాట తర్వాత రెండు వానాకాలాలు వచ్చి వెళ్లాయి.

మీ కార్యాలయంలో ఒకరు నాతో అన్నారు, పంట పండేది మడిలో కదా, బాటకు ఖర్చెందుకని. లెక్క వేసి చూడండి. పన్నెండు మడులూ కలిపి 480 చదరపు అడుగులు. వాటి మధ్య, చుట్టూ రెండేసి అడుగుల బాటలు కలిపితే 500 దాటుతుంది. అంటే మా తోటలో సగానికి పైగా నేల బాటలే. ఆ సగాన్ని గడ్డికి వదిలేసి మిగతా సగంలో ఆకుకూరలు పండించమని మాకు చెబుతున్నారు. బాట మీద పుట్టిన గడ్డి బాట మీదే ఉంటుందా సార్?

మా శత్రువులు రెండు, గరిక, తుంగ. గరిక మీద నాకు ద్వేషమేమీ లేదు. వినాయక చవితికి నేనూ దాన్ని దేవుడి ముందు పెడతాను. చెరువు కట్ట వానకు జారిపోకుండా పట్టి ఉంచేదీ అదే. కట్టను పట్టి ఉంచే ఆ గుణమే ఇక్కడ మా కొంప ముంచుతోంది. నేల మీద తీగగా పాకుతుంది, నేల లోపల తెల్లటి కాడగా పోతుంది, కణుపు కణుపుకూ వేరు వేస్తుంది. మేము మడికి పోసిన నీళ్లు, వేసిన ఎరువు వాసన పట్టినట్టుగా ఇటుకల కిందుగా దూరి లోపలికి వస్తుంది. ఇటుక కట్టు మేకలను ఆపుతుందేమో కానీ గరికను ఆపదు.

తుంగ ఇంకా మొండిది. పైన పీకితే కాడ చేతికి వస్తుంది, గడ్డ లోపలే ఉండిపోతుంది. ఒక రోజు తొమ్మిదో తరగతి పిల్లలతో బాటలో ఒక చదరపు అడుగు నేలను జానెడు లోతు తవ్వించి తుంగగడ్డలు ఏరించాను. 61 వచ్చాయి. నల్లగా, గొలుసులో పూసల్లా ఒకదానికొకటి కలిసి ఉన్నాయి. గత ఫిబ్రవరిలో నాలుగో మడిలో ముల్లంగి పీకుతున్నాం. ఒక అమ్మాయి ఎంత లాగినా ఒక గడ్డ రాలేదు. మట్టి తీసి చూస్తే, తుంగ మొలక ముల్లంగికి ఈ పక్క గుచ్చుకుని ఆ పక్క తేలింది, దబ్బనంతో కుట్టినట్టు. ఆ పిల్ల దాన్ని అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి తెచ్చి, "టీచర్, ఇది వండొచ్చా?" అని అడిగింది. ఆ రోజు మేము పీకిన ముల్లంగిలో మూడో వంతు వంటకు పనికిరాలేదు.

మీరు ఏమీ చేయలేదని నేను అనను. చేసినవి చెబుతాను.

మొదటి ఉత్తరం తర్వాత ఉపాధి హామీ కూలీలు రెండు రోజులు వచ్చారు. పాపం, ఎండలో ఒళ్లు వంచి పని చేశారు. పారలతో, దోకుడుపారలతో బాటలన్నీ చెక్కి అద్దంలా చేసి వెళ్లారు. కానీ చెక్కిన గరికను అక్కడే చిన్న ముక్కలుగా వదిలేశారు. వారంలో వాన పడింది. వేలెడు ముక్కకు ఒక్క కణుపు ఉన్నా చాలు, అది మొక్కే. ఒక మొక్క ఉన్న చోట పది మొలిచాయి. తప్పు కూలీలది కాదు. తవ్వి ఏరమని, ఏరినదాన్ని ఎండలో వేయమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

రెండో ఉత్తరం తర్వాత నల్లటి మల్చింగ్ షీటు చుట్ట ఒకటి వచ్చింది. మిరప, టమాట సాళ్ల మీద పరిచే పలుచటి షీటు అది. దాన్ని నడిచే బాట మీద పరచమన్నారు. పరిచాం. రెండు వందల మంది పిల్లలు నడిచే చోట అది ఎన్నాళ్లు ఆగుతుంది? చిరిగిన చోటల్లా గరిక తల ఎత్తింది. చిరగని చోట తుంగ తన మొన తానే గుచ్చుకుని పైకి వచ్చింది. ఇప్పటికీ ఆ షీటు పీలికలు మడుల్లో, కాలువలో, వేపచెట్టు కొమ్మలకు దొరుకుతూనే ఉన్నాయి. ప్లాస్టిక్ షీటుకు రాయితీ ఉంది, ఊకకు పద్దు లేదు అని మీ వాళ్లు చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. మిర్యాలగూడలో అన్ని రైస్ మిల్లులు పెట్టుకుని, క్వింటాలు ధాన్యం ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక వచ్చే జిల్లాలో ఉండి, మేము ప్లాస్టిక్ పరచుకోవాలా?

మూడో ఉత్తరానికి జవాబుగా ఒక ఫోను వచ్చింది. గడ్డి మందు కొట్టించుకోండి, ఒక్క రోజులో పని అయిపోతుంది అన్నారు. ఫోను చేసిన ఆయన మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ ఆ పాలకూర తెల్లారి మధ్యాహ్న భోజనంలో పప్పులోకి పోతుంది సార్. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లోనే గ్లైఫోసేట్ అనే గడ్డి మందును క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటి జాబితాలో పెట్టింది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప మరెవరూ వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. బడిలో, పిల్లలు చెప్పుల్లేకుండా నడిచే బాట మీద దాన్ని నేను కొట్టించను. ఈ ఒక్క విషయంలో మీరు ఎంత చెప్పినా వినను.

మరి ఏది పని చేస్తుందో నాకెలా తెలుసు అంటారా? చేసి చూశాను. నిరుడు ఆగస్టులో తొమ్మిదో మడికీ పదో మడికీ మధ్య ఉన్న ఒక్క బాటను నా సొంత డబ్బుతో బాగు చేశాం. ముందు గడ్డపారతో నేల కదిలించి, దొరికినంత కాడ, దొరికినంత గడ్డ ఏరి బయట బండ మీద ఎండబెట్టాం. బాట రెండు చివర్లా జానెడు లోతున సన్నటి గాడి తీశాం, బయటి గరిక పాకి వస్తే అక్కడే కనబడుతుందని, కనబడగానే కోయవచ్చని. ఊళ్లోని కిరాణా కొట్లలో అడిగి అట్టపెట్టెలు తెచ్చి, టేపు ఊడదీసి, ఒకదాని అంచు మీద మరొకటి జానెడు ఎక్కేలా పరిచి నీళ్లతో తడిపాం. దాని మీద నాలుగు వేళ్ల మందాన ఊక పోశాం. ఒట్టి ఊక గాలికి లేచి మడుల్లో పడుతుంది, వాన నీటికి తేలి కొట్టుకుపోతుంది. ఆ సంగతి మొదటి వారంలోనే తెలిసింది. అప్పుడు పాల రైతు ఒకరు తన గడ్డి కత్తిరించే యంత్రంలో వేప, కానుగ లేత కొమ్మలు ఆడించి ఇచ్చారు. ఆ ముక్కలు ఊక మీద మరో రెండు వేళ్లు వేశాక బాట కుదురుకుంది.

నెలన్నర తర్వాత ఒక మూల అట్ట ఎత్తి చూశాం. గరిక పసుపు దారంలా పాలిపోయి ఉంది. నీడ దానికి గిట్టదు. పట్టి లాగితే తెగకుండా మూరెడు పొడవు వచ్చింది. తుంగ మాత్రం చావలేదు, ఆ బాటలో 11 చోట్ల పైకి వచ్చింది. అబద్ధం చెప్పను, తుంగను పైన కప్పిన ఈ ఆచ్ఛాదన ఒక్కటే చంపలేదు. అయితే కింద నేల మెత్తబడి ఉండటంతో కాడతోపాటు గడ్డ కూడా ఊడి వచ్చింది. వచ్చినప్పుడల్లా పీకితే అది నీరసిస్తుంది. అట్టను దసరా నాటికి చాలావరకు చెదలు తినేశాయి. మాది ఎర్ర చెల్క నేల, చెదలు తప్పవు. తింటే తిననివ్వండి, ఆలోగా అట్ట తన పని చేసింది. అడుగున పలచబడిన చోట మరో గంపెడు కొమ్మ ముక్కలు వేశాం, అంతే.

ఈ మే నెల ఎండలో మీరు వచ్చి ఆ బాట చూడండి. పక్క బాటల్లో గరిక ఎండి పసుపుపచ్చగా కనబడుతుంది, చచ్చిందనుకుంటాం. అది చావదు, మొదటి వానకు లేస్తుంది. ఆ ఒక్క బాటలో ముక్కలు తొలగించి చెయ్యి పెడితే కింద ఇంకా చల్లగా తగులుతుంది. దాని పక్కనున్న రెండు మడుల్లో కలుపు తీయడానికి పిల్లలకు వారంలో ఒక పీరియడ్ సరిపోయింది. మిగతా మడులకు రోజూ పొద్దున ప్రార్థనకు ముందు అరగంట పట్టేది. ఏడో తరగతి పిల్లాడొకడు ఆ రెండు మడులూ తనకే కావాలని గొడవ పెట్టుకున్నాడు. వాడికి అర్థమైంది సార్.

అడుగుతున్నది ఎంత? అర అడుగు మందాన బాటలన్నీ నింపడానికి మూడు ట్రాక్టర్ల సరుకు చాలు. ఒక ట్రాక్టరు ఊక, రెండు ట్రాక్టర్ల కొమ్మ ముక్కలు. మిల్లుల్లో ఊక బాయిలర్లకు పోతుందని, దానికి ధర పలుకుతుందని నాకు తెలుసు. అందుకే ఒక్కటే అడిగాను. కొమ్మలకు మాత్రం ధర కూడా లేదు. కరెంటు తీగలకు అడ్డం వస్తున్నాయని ఏటా వానలకు ముందు కొమ్మలు కొట్టి రోడ్డు పక్కన కుప్పలు వేస్తారు. మొన్న శనివారం మా ప్రహరీ గోడ పక్కనే అలాంటి కుప్పకు ఎవరో నిప్పు పెట్టారు. మూడు గంటలు కాలింది. నేను ఆ పొగలో నిలబడి చూస్తూ ఉండిపోయాను. మాకు రెండేళ్లుగా దొరకని సరుకు అక్కడ బూడిదవుతోంది. దాన్ని ముక్కలు చేసే యంత్రం ఒకటి మీ గోదాములో ఉందని, గుడ్డ కప్పి ఉందని మీ సిబ్బందే చెప్పారు. రెండు రోజులకు ఇవ్వండి. డీజిల్ మేము పోసుకుంటాం. లేదా ముక్కలే పంపండి. ఏదో ఒకటి చేయండి.

ఒక్క మనవి. పంపేటప్పుడు సర్కారు తుమ్మ కొమ్మలు కలపకండి, ముళ్లు పిల్లల కాళ్లలో దిగుతాయి. సుబాబుల్ కాయలున్న కొమ్మలు, పూతకు వచ్చిన వయ్యారిభామ వద్దు. వాటి విత్తనాలతో మరో యుద్ధం మొదలవుతుంది. పాలమూరు వైపు బళ్లకైతే ఊక బదులు పల్లికాయ పొట్టు దగ్గరలో దొరుకుతుంది, అక్కడి వారికీ ఇదే ఏర్పాటు చేయవచ్చు. నాకు తెలిసిన రెండు బళ్లలో మడులు ఇప్పటికే గరిక కింద ఇటుకలు కూడా కనబడకుండా పోయాయి. అక్కడ టీచర్లు విసిగి వదిలేశారు. వాళ్లను తప్పు పట్టలేను.

రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండే మాకు ఇప్పుడు ఉన్న ఒకే ఒక సాయం. ఈ పది రోజుల్లో బాటలు తవ్వి కాడలు, గడ్డలు పైకి తీసి పడేస్తే ఆ ఎండకు మాడిపోతాయి. మా పెద్దలు వేసవి దుక్కి దున్నింది అందుకే. తవ్వే పని మేము మొదలుపెట్టేశాం. నేను, వంట చేసే ఇద్దరు అక్కలు, ఊళ్లోనే ఉన్న కొందరు పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు కలిసి ఇప్పటికి నాలుగు బాటలు పూర్తి చేశాం. తవ్విన నేలను కప్పడానికి ఏమీ లేకపోతే మాత్రం మొదటి వానకు మిగిలిన గడ్డలన్నీ ఒక్కసారే మొలుస్తాయి, మా చేతులతో మేమే సాగు చేసినట్టవుతుంది. అందుకే ఊక ఇప్పుడే కావాలని బతిమాలుతున్నాను. జూలైలో వస్తే దాన్ని గడ్డి మీద పోసుకోవాల్సిందే.

జూన్ 12న బడి తెరుస్తారు. పిల్లలు మొదట తోటలోకే పరుగెడతారు. మీరు ఇస్తానన్న ఊక గురించి వాళ్లు నన్ను అడగడం మానేశారు. నిరుడు జూన్‌లో రోజూ అడిగేవాళ్లు.

రావడానికి ముందు ఫోను కూడా చేయనక్కర్లేదు. సెలవుల్లోనూ పొద్దున 6 నుంచి 9 వరకు తోటలోనే ఉంటాను. గేటు తాళం ఒకటి నా దగ్గర, ఒకటి వంట చేసే అక్క దగ్గర ఉంది. ట్రాక్టరు లోపలికి తిరగడానికి గేటు పక్కనున్న రాళ్లు నిన్ననే జరిపించాను.

ఇట్లు,
జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
నల్లగొండ – దేవరకొండ దారిలోని ఒక ఊరి ఉన్నత పాఠశాల