బెత్తం అడుగుతున్నది మనమే

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా తెలుగు పిల్లలు చదివే బడి యాజమాన్య కమిటీ సమావేశంలో ఈసారి ఒకే విషయం నలిగింది. పిల్లలు మాట వినడం లేదట, మాస్టార్లు కొట్టడం మానేశాకే ఇలా తయారయ్యారట. 'కళ్ళు వదిలేసి ఎక్కడైనా కొట్టండి సార్, మేం అడగం' అని మాస్టార్లతో అన్నది పిల్లల తల్లిదండ్రులమే. ఒకాయనయితే తన చిన్నప్పటి దెబ్బ తాలూకు మచ్చ కూడా చూపించారు, పతకంలాగా.

మనం అడిగినా అడక్కపోయినా చట్టం ఒప్పుకోదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. కన్నవాళ్ళు సరేనంటే కొట్టవచ్చని అందులో ఎక్కడా లేదు. గోడకుర్చీ, తొడపాశం, అందరి ముందూ 'మొద్దు' అని పిలవడం, ఏదీ చెల్లదు.

ఇంతకీ ఆ అల్లరి ఏమిటి? ఒకటో తరగతి కుర్రాడు ఒంటేలుకి వెళ్తానని తెలుగులో అడిగాడు. ఒడియా టీచరుకి అర్థం కాలేదు. వాడు ఆగలేక లేచిపోయాడు. తిరిగొచ్చాక చెప్పకుండా బయటికి పోయినందుకు రెండు తగిలాయి. పెద్ద తరగతుల్లో బోర్డు మూల 'మాట్లాడినవారు' అని మానిటర్ పేర్లు రాస్తాడు, మళ్ళీ నోరు తెరిస్తే పేరు పక్కన ఇంటూ మార్కు. మా అమ్మాయి క్లాసులో ఆ పేర్లు చాలావరకు తెలుగు పిల్లలవే. పాఠం అర్థంకాక పక్కవాణ్ణి అడగడం కూడా అక్కడ మాట్లాడటమే మరి.

అలాగని మాస్టార్లను ఆడిపోసుకోను. ఒకే గదిలో రెండు తరగతులు, మధ్యలో మధ్యాహ్న భోజనం లెక్కలు. కటక్ వైపు నుంచి వచ్చినవారికి తెలుగు ఎలా వస్తుంది? కొట్టొద్దన్నారు గాని, బెత్తం బదులు ఏం చెయ్యాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదని వాళ్ళే అంటున్నారు.

ఆ పని కమిటీ మొదలుపెట్టవచ్చు. చట్టం ప్రకారం కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులమే, బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సిందీ కమిటీయే. ఒకటి, రెండు తరగతుల్లో తెలుగు వచ్చిన సహాయకురాలు కావాలని అందులో రాయించాలి. మాతృభాషలో ప్రాథమిక విద్యకు ఏర్పాట్లు చెయ్యాలని రాజ్యాంగం 350ఎ అధికరణమే చెబుతోంది. ఈ ఊళ్ళోనే మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు సవర అనే గిరిజన భాష నేర్చుకుని మరీ సవర పిల్లలకు వాళ్ళ భాషలో చదువు చెప్పించారు. మనం అడుగుతున్నది అంతకంటే చాలా తక్కువ.

ఇక ఒకే పిల్లవాడి మీద మాటిమాటికీ ఫిర్యాదు వస్తుంటే ముందు ఇంటికి కబురు పెట్టాలి. వెనక బెంచీ నుంచి బోర్డు కనిపిస్తోందా, పొద్దున్న ఏమైనా తిని వచ్చాడా, తండ్రి సూరత్‌కో చెన్నైకో పనికి వెళ్ళి ఇంట్లో ఎవరూ పట్టించుకోవడం లేదా, అడిగి తెలుసుకుని ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే నెలాఖరుకి కమిటీ ముందు మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు. బోర్డు మీద పేర్లు రాయించడం మటుకు రేపే ఆపేయొచ్చు.

వచ్చే సమావేశంలో కొందరు తల్లులం ఈ సంగతులు లిఖితపూర్వకంగా ఇవ్వబోతున్నాం. కాశీనగర్, గుణుపురం వైపు తెలుగు తల్లిదండ్రులు కూడా తమ కమిటీల్లో అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.