బాస్ పడ్డాడు, విల్లు ఏది?

వినియోగదారుల సహాయ విభాగం వారికి, ఆయుధాల బ్యాలెన్స్ చూసే డిజైన్ బృందం వారికి,

విషయం: చివరి రెయిడ్ గెలిచినా విల్లు అన్‌లాక్ కాకపోవడం, విచారించకుండానే టికెట్ మూసేయడం గురించి.

నమస్కారం.

ఈ సీజన్ చివరి రెయిడ్‌లో, అంటే జట్టుగా ఆడే పెద్ద పోరులో, మా ఎనిమిది మంది జట్టు బాస్‌ను (అక్కడి ప్రధాన శత్రువును) పడగొట్టింది. వాడి హెల్త్ బార్ సున్నాకు వచ్చింది, కూలిపోయే యానిమేషన్ మొదలైంది, తెర మీద 'విజయం' అని కూడా పడింది. సరిగ్గా అప్పుడే సర్వర్‌తో కనెక్షన్ తెగిపోయింది. నాకొక్కడికే కాదు, జట్టులో ముగ్గురికి ఒకేసారి. మళ్లీ లాగిన్ అయ్యేసరికి లాబీలో ఉన్నాం. రెయిడ్ పక్కన 'ఈ వారానికి పూర్తయింది' అని టిక్ కనిపిస్తోంది. లోపలికి వెళ్లి బహుమతి పెట్టె తెరిచే దారి మాత్రం లేదు. లోపలే ఉండిపోయిన ఐదుగురూ పెట్టె తెరుచుకున్నారు, అందులో ఒకరికి ఆ అరుదైన విల్లు కూడా వచ్చింది. చేతికొచ్చింది నోటికి రాకుండా పోవడం అంటే ఏమిటో మిగతా ముగ్గురికీ తెలిసింది.

నా టికెట్‌కు వచ్చిన మొదటి జవాబు: రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. రెండో జవాబు: మీ ఖాతా రికార్డులో ఆ ఆయుధం మీకు దక్కినట్టు లేదు, కాబట్టి పునరుద్ధరించలేం. దక్కలేదనే కదండీ నా ఫిర్యాదు! ఆ తర్వాత నన్ను ఒక్క మాటైనా అడగకుండా టికెట్ మీద 'పరిష్కరించాం' అని రాసి మూసేశారు. వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ వాడే ముగ్గురికి ఒకే క్షణంలో లైన్ తెగితే, తప్పు ముగ్గురి రౌటర్లలోనూ ఉందనడం ఎవరికైనా నమ్మబుద్ధి అవుతుందా?

సాంకేతికంగా మీరు ఒక్క విషయం చూడాలి. మేం గెలిచామని మీ సర్వర్‌కు తెలుసు. తెలియకపోతే వారం లాకౌట్, అంటే ఆ వారం మళ్లీ ఆడకుండా వేసే అడ్డు, పడదు. మీ సర్వర్ లాకౌట్ రాసుకుంది, బహుమతి మాత్రం రాయలేదు. నాకు అర్థమైనంత వరకు దీనికి కారణం ఒకటే: లాకౌట్ బాస్ చనిపోయినప్పుడు పడుతోంది, లూట్ (పెట్టెలోని బహుమతి) మాత్రం ఆటగాడు పెట్టె తెరిచినప్పుడు లెక్క కడుతున్నారు. ఈ రెండింటి మధ్య ఉన్న కొన్ని సెకన్లలో ఎవరు బయటపడినా ఆ వారం వాళ్లకు పోయినట్టే. పరిష్కారం కొత్తదేమీ కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో తీసుకోకుండా మిగిలిన లూట్ ఆటలోని మెయిల్‌కు వస్తుంది. డెస్టినీ 2లో పోస్ట్‌మాస్టర్ దగ్గర ఉంటుంది, తర్వాత వెళ్లి తీసుకోవచ్చు. మీ ఆటలోనూ మెయిల్ పెట్టె ఉంది. పండగ ఆఫర్ల ప్రకటనలు అందులోకి ఒక్కటి కూడా తప్పిపోకుండా వస్తాయి.

ఇది 'ఒక్క వారమే కదా' అని తీసిపారేసే నష్టం కాదు. ఆ తలుపు దాకా రావడానికి ఏం కావాలో మీకు తెలియదని కాదు, అయినా రాస్తున్నాను. ముందు క్వెస్ట్ మొత్తం పూర్తి చేయాలి. తర్వాత మూడు డంజన్ల (శత్రువులుండే చిన్న స్థలాల) నుంచి స్ఫటిక ముక్కలు సేకరించాలి. వాటికి వారం పరిమితి ఉంది కాబట్టి రాత్రంతా కూర్చున్నా ఎక్కువ రావు. ఆ ముక్కలతో తాళంచెవి చేయాలి, రెయిడ్ తలుపు తీయగానే అది ఖర్చయిపోతుంది. వీటన్నిటికంటే కష్టం ఎనిమిది మందిని ఒకే సమయానికి కూర్చోబెట్టడం. ట్యాంక్ (జట్టు తరఫున దెబ్బలు కాచుకునే పాత్ర) ఆడే వ్యక్తికి నైట్ షిఫ్ట్, జట్టుకు ప్రాణం పోసే ఒక హీలర్‌కు పరీక్షలు, ఇంకొకరికి చిన్న పాప. మీ లాకౌట్ గడియారానికి ఇవేవీ కనిపించవు, కనిపించాలని కూడా అడగను. గెలిచినప్పుడు గెలిచినట్టు రాయమంటున్నాను, అంతే.

ఇక డ్రాప్ రేట్ సంగతి. ఈ విల్లు ఎంత శాతం అవకాశంతో వస్తుందో ఆటలో ఎక్కడా లేదు. 'అరుదైనది' అని మాత్రం ఉంది. మీ సీజన్ 13 వారాలు, వారానికి ఒక్క పెట్టె. అవకాశం 5 శాతం అనుకుందాం. ఒక్క వారం కూడా తప్పకుండా 13 సార్లూ గెలిచినవాళ్లలో సగం మందికి పైగా, అంటే 51 శాతం మందికి, విల్లు రాకుండానే సీజన్ అయిపోతుంది. అవకాశాన్ని రెట్టింపు చేసి 10 శాతం చేసినా నలుగురిలో ఒకరికి రాదు. పోయినసారి రాలేదు కాబట్టి ఈసారి వచ్చే అవకాశం కొంచెం పెరుగుతుందని చాలామంది ఆశపడతారు. మీ పద్ధతిలో అలా పెరిగే జాడేమీ కనబడటం లేదు, ప్రతి వారం లెక్క మొదటికే వస్తోంది.

అలా పెంచడం ఎవరికీ చేతకాని పని కాదు. డోటా 2లో క్రిటికల్ దెబ్బ (మామూలు కంటే గట్టిగా తగిలేది) పడాలా వద్దా అన్నదానికే, పడని ప్రతిసారీ అవకాశం కొద్దిగా పెంచుతూ, పడగానే మళ్లీ తగ్గించే పద్ధతి ఉంది. ఒక్క దెబ్బకే అంత జాగ్రత్త తీసుకున్నారు, ఇక్కడ మాది ఒక సీజన్. ఫైనల్ ఫాంటసీ 14లో ఎక్స్‌ట్రీమ్ ట్రయల్ అనే కఠినమైన బాస్ పోరు గెలిస్తే టోటెమ్ అనే వస్తువు ఇస్తారు, అలా పది పోగైతే కావలసిన ఆయుధంగా మార్చుకోవచ్చు. అదృష్టం ఉన్నవాడికి ముందే వస్తుంది, లేనివాడికి ఆలస్యంగా వస్తుంది, కానీ వస్తుంది. నాకు ఆ తేడాతో ఏ ఇబ్బందీ లేదు. అందరికీ మొదటి రోజే ఇచ్చేయమని నేను అడగడం లేదు, అలా ఇస్తే ఆ విల్లుకు విలువే ఉండదు.

నాకు నిజంగా కోపం తెప్పించింది ఇంకొకటి. మీ స్టోర్‌లో డబ్బుకు అమ్మే అలంకరణ పెట్టెల కింద ప్రతి వస్తువుకూ శాతం రాసి ఉంది. మీరు రాయక తప్పదు కాబట్టి రాశారు. డబ్బుతో కొనే ఇలాంటి పెట్టెల్లో ఏది ఎంత అవకాశంతో వస్తుందో చెప్పాలని యాపిల్ 2017 డిసెంబర్‌లో తన యాప్ స్టోర్‌లో నియమం పెట్టింది. దక్షిణ కొరియాలో 2024 మార్చి 22 నుంచి అది చట్టమే. మంచిదే. మరి డబ్బు పెట్టినవాడికి చూపించే అంకెను సమయం పెట్టినవాడికి ఎందుకు దాస్తున్నారు? మా రాత్రులు ఉచితమనా?

విల్లు చేతికి వచ్చినా టెన్షన్ తీరదన్నది గత సీజన్ కత్తితో తెలిసింది. ఆ కత్తి నా దగ్గర ఉంది. దాన్ని ఐదో స్థాయికి తీసుకెళ్లడానికి పెట్టిన సామగ్రి వెనక్కి రాదు, వేరే ఆయుధానికి పనికి రాదు. ఐదో స్థాయి అయ్యాక వచ్చిన ప్యాచ్‌లోనే (ఆటలో మార్పులు తెచ్చే అప్‌డేట్‌లోనే), కొట్టిన ప్రతిసారీ జట్టుకు కొంత ప్రాణం తిరిగొచ్చే దాని శక్తిని సగానికి కోసేశారు. ప్యాచ్ నోట్స్‌లో దాని గురించి ఒకే ఒక్క వాక్యం: 'కొన్ని ఆయుధాల ప్రభావాన్ని సర్దుబాటు చేశాం.' ఏ ఆయుధం, ఎంత, ఎందుకు అన్నది మేమే బొమ్మ శత్రువుల మీద కొట్టి కొట్టి తెలుసుకోవాల్సి వచ్చింది.

కారణం ఊహించగలను. ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడే అరేనాలో ఆ కత్తి పట్టినవాడిని ఓడించడం కష్టంగా ఉండేది, నేనూ అలాంటివాళ్ల చేతిలో చాలాసార్లు చచ్చాను. అరేనాలో తగ్గించండి, సమర్థిస్తాను. కానీ రెయిడ్ బాస్ ఏమీ ఫిర్యాదు చేయలేదు కదా? గిల్డ్ వార్స్ 2లో ఒకే స్కిల్‌కు పీవీపీలో (ఆటగాళ్ల మధ్య పోరులో) ఒక అంకె, మిగతా చోట్ల ఇంకో అంకె ఉంటుంది. మీరు రెండింటికీ ఒకే కత్తెర వాడారు. నెర్ఫ్ చేయడం, అంటే బలం తగ్గించడం, మీ హక్కు. చేసేముందు చెప్పడం, చేశాక ఆ ఆయుధంలో పోసిన సామగ్రి వెనక్కి ఇవ్వడం కనీస మర్యాద.

ఆడలేక మద్దెల ఓడంటున్నాడని అనుకుంటారేమో. బాస్ పడిన దృశ్యం, 'విజయం' అన్న అక్షరాలు, వెంటనే కనెక్షన్ పోయినట్టు వచ్చిన సందేశం, మూడూ ఒకే వీడియోలో ఉన్నాయి, దీంతో జతచేశాను. మిగతా ఇద్దరి వీడియోలు కూడా పంపుతున్నాను, సమయాలు సరిపోల్చుకోండి.

ముందుగా నాకు కావలసింది ఆ వారం పెట్టె. విల్లే ఇవ్వమని అడగడం లేదు. ముగ్గురికీ ఆ పెట్టె తెరిచే అవకాశం ఇవ్వండి, అందులో ఏది వస్తే అది తీసుకుంటాం. అది వీలు కాకపోతే లాకౌట్ ఎత్తేసి తాళంచెవి తిరిగి ఇవ్వండి, మళ్లీ ఆడి గెలుచుకుంటాం. తర్వాతి ప్యాచ్‌లో లూట్ లెక్కను బాస్ చనిపోయిన క్షణానికి జరిపి, తీసుకోనిది మెయిల్‌కు పంపండి. విల్లు డ్రాప్ రేట్‌ను ఆటలోనే, ఆయుధం వివరాల పక్కన రాయండి. రాని వారాలకు గుర్తుగా ఏదో ఒక టోకెన్ ఇవ్వండి. ఎన్ని టోకెన్లకు విల్లు ఇవ్వాలో మీరే నిర్ణయించుకోండి, కానీ ఆ అంకె సీజన్ ముగిసేలోపు అందేలా ఉండాలి.

ఇదంతా నెలల పని అని దయచేసి అనకండి. 2017 నవంబర్‌లో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2లో డార్త్ వేడర్‌ను అన్‌లాక్ చేయడానికి 60,000 క్రెడిట్లు పెట్టారు. ఆటగాళ్లు మండిపడగానే, ఆట అధికారికంగా విడుదల కాకముందే, దాన్ని 15,000కు తగ్గించారు. అంకెలు మార్చడం ఎంత త్వరగా అయ్యే పనో అందరం చూశాం.

ఈ టికెట్‌కు జవాబు వీడియో చూసిన మనిషి నుంచి రావాలి. మళ్లీ రౌటర్ సలహానే వస్తే, ముగ్గురం విడివిడిగా కొత్త టికెట్లు తెరుస్తాం, ఈ ఉత్తరాన్నీ వీడియోలనూ ప్రతిదానికీ జతచేస్తాం. వచ్చే వారం లాకౌట్ రీసెట్ అయ్యేలోపు జవాబు ఇస్తే, మా జట్టు ఆ వారానికి ప్లాన్ వేసుకోగలదు.

ఇట్లు,
మీ ఆటను మొదటి సీజన్ నుంచి ఆడుతున్న ఒక ఆటగాడు
(ఖాతా వివరాలు, పాత టికెట్ ప్రతి, వీడియోలు జతచేశాను)