పెద్దమ్మ చుట్ట మానలేదు, బిళ్ళ మొదలుపెట్టింది

ఒడిశా ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

అయ్యా, పర్లాకిమిడి నుంచి నమస్కరించి రాస్తున్నాను. మహేంద్రతనయ నదికి ఇవతల, ఒడిశా వైపు ఉన్నా మా ఇళ్లలో మాట తెలుగే. అలవాట్లూ అవతలివే. శ్రీకాకుళం పల్లెల్లో లాగే మా ముసలమ్మలు కూడా చుట్టను నిప్పు నోట్లోకి పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటాం. అంగిలికి క్యాన్సర్ తెచ్చే అలవాటని డాక్టర్లు ఎప్పటి నుంచో చెబుతున్నదే.

డెబ్బై దాటిన మా పెద్దమ్మ ఈ మధ్య మానేద్దామనుకుంది. అంతలో తెలిసినవాళ్ల అబ్బాయి ఒకడు డబ్బా తెచ్చాడు. గొలుసుకట్టు వ్యాపారం. "రోజుకో బిళ్ళ వేసుకుంటే క్యాన్సర్ దరిచేరదు" అన్నాడట. 1,800 రూపాయలు, బిల్లు లేదు. నేను కోప్పడితే ఆవిడ అన్నమాట ఇది: "బిళ్ళ ఏసుకుంటన్నాను కదరా, ఇంక చుట్టకేటి బయ్యం?"

డబ్బా మీద సన్నటి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాను. బీటా కెరోటిన్ ఉంది. ఒంట్లోకి వెళ్లాక విటమిన్ ఎ గా మారే పదార్థం అది. కూరగాయలూ పండ్లూ బాగా తినేవాళ్లకు క్యాన్సర్ తక్కువని గమనించి, ఆ మేలంతా ఇందులోనే ఉందేమోనని శాస్త్రవేత్తలు ఒకప్పుడు ఆశపడ్డారు. ఫిన్‌లాండ్‌లో పొగతాగే మగవాళ్లను 29,133 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాములు ఇచ్చి ఏళ్ల తరబడి చూశారు. 1994లో ఫలితం వచ్చింది: బిళ్ళ మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో ఇలాంటి పరీక్షే ఇంకొకటి 1996లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. అక్కడ 28 శాతం ఎక్కువ తేలింది. అంటే పొగతాగే మనిషికి ఈ బిళ్ళ ఉత్త దండగ కాదు, ముప్పు. (మునగాకు కూర, బొప్పాయి పండు నిక్షేపంగా తినొచ్చు. గొడవంతా బిళ్ళలో కుక్కిన మోతాదుతోనే. డాక్టరు చూసి రాసిన ఐరన్ మాత్రల జోలికి నేను పోవడం లేదు.)

ఫిర్యాదు పట్టుకుని తిరిగాను. మందుల నియంత్రణ విభాగం వాళ్లు "ఇది ఆహారం కిందికి వస్తుంది" అన్నారు. ఆహార భద్రత విభాగం వాళ్లు "డబ్బా మీద క్యాన్సర్ అని రాసి లేదు కదా, నోటిమాటకు మేమేం చేస్తాం" అన్నారు. ఆ రెండు విభాగాలూ మీ శాఖ కిందివే, అయ్యా.

బడిపంతులుగా చేసినవాణ్ణి కనుక చట్టం తెప్పించి చదివాను. అభ్యంతరకర ప్రకటనల మీద 1954లో చేసిన మందుల చట్టం ఉంది. ఏ ఏ జబ్బులను నయం చేస్తామని గానీ నివారిస్తామని గానీ ప్రకటించకూడదో ఆ జాబితాలో క్యాన్సర్ ఉంది. జబ్బును నివారించడానికని ఇచ్చే పదార్థం ఏదైనా ఆ చట్టం లెక్కలో మందే. నోటితో చెప్పినా ప్రకటనే. ఇక 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. కొత్త చట్టం అడగడం లేదు. ఆ రెండు విభాగాల అధికారులనూ ఒకే జీపులో ఈ డబ్బాలు అమ్మే చోటికి పంపండి చాలు.

ఇంకో మాట. పొగాకు మీద హెచ్చరికలు మా వీధుల్లో ఒడియాలో ఉంటాయి. పెద్దమ్మకు ఒడియా మాట్లాడటం వచ్చు, ఏ లిపీ చదవలేదు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు తెలుగులో రెండు ముక్కలు చెప్పి, నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూస్తే ఎన్ని పోస్టర్లు పెట్టినా జరగని పని జరుగుతుంది! ముప్పై దాటిన వాళ్లందరికీ నోటి పరీక్ష చేయాలని జాతీయ కార్యక్రమంలో ఉన్నదేగా.

పెద్దమ్మ అంగిలి తెల్లగా పాలిపోయి, మధ్యలో ఎర్రటి చుక్కలు తేలాయి. వచ్చే వారం విశాఖ తీసుకెళ్తున్నాను, ముక్క తీసి పరీక్ష చేస్తామన్నారు. డబ్బాలో నలభై బిళ్ళలు మిగిలాయి. ఈ లేఖ ప్రతితో పాటు వాటిని మీ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపిస్తున్నాను. లోపల ఏముందో పరీక్ష చేయించి తెలుపగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా