‘కడుపునొప్పి తాళలేక’ అని రాసేముందు

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది అనంతపురం. టవర్ క్లాక్ కి కొంచెం అవతల చిన్న మెడికల్ షాపు నాది, పెట్టి 22 ఏళ్ళు అవుతోంది. పొద్దున షట్టర్ ఎత్తి దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగించగానే మీ పేపరే చూస్తా, అదీ జిల్లా పేజీ నుంచే మొదలుపెడతా. ఆ పేజీలో ఏదో ఒక మూల నాలుగు లైన్ల వార్త తరచూ కనపడుతుంది. ‘కడుపునొప్పి తాళలేక మహిళ ఆత్మహత్య’. కింద చూస్తే, కొంతకాలంగా కడుపునొప్పితో బాధపడుతూ ఎన్ని ఆసుపత్రులు తిరిగినా నయం కాక జీవితంపై విరక్తి చెంది, అని ఉంటుంది. ఊరు మారుతుంది, మనిషి మారుతుంది, ఈ వాక్యం మాత్రం నేను చదవడం మొదలుపెట్టినప్పటి నుంచి మారలేదు. మీ పేపర్ ఒక్కటే కాదు లెండి, అన్ని పేపర్లూ ఇట్లే రాస్తాయి.

ఈ ఉత్తరం ఆ నాలుగు లైన్ల గురించే.

వాళ్ళ కడుపునొప్పి అబద్ధం అని నేను అనడం లేదు. అల్సర్లుంటాయి, రాళ్ళుంటాయి, క్యాన్సర్లు కూడా ఉంటాయి. కానీ స్కానింగులు అన్నీ తీయించినాక కూడా ‘ఏమీ లేదు’ అని రిపోర్ట్ వచ్చి, అయినా నొప్పి పోకుండా, మనిషి రోజురోజుకీ చిక్కిపోతూ ఉంటే, దానికి ఇంకొక పేరు కూడా ఉండొచ్చు అని మనలో ఎవరికీ తట్టదు. ఇంట్లోవాళ్ళకి తట్టదు, ఊర్లో ఆర్ఎంపీకి తట్టదు, వార్త రాసే విలేకరికీ తట్టదు. నాకూ తట్టలేదు, అందుకే రాస్తున్నా.

మా షాపు కౌంటర్ దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. ‘అన్నా గ్యాస్ మాత్ర ఒకటి ఈన్నా’ అని వస్తారు. ఏమైందమ్మా అంటే ‘కడుపులో ఒకటే మంట, గుండెకాడ ఏదో పట్టేసినట్టుండాది, తల బరువు, రేత్రి మూడింటికి లేసి కూర్చుంటా మళ్ళీ కన్ను మూతపడదు’ అంటారు. ‘దిగులుగా ఉండాది’ అని మాత్రం ఎవరూ చెప్పరు, అది జబ్బు అని వాళ్ళకి తెలియదు కాబట్టి. మనం మాత్రం కడుపు ఒక్కటే విని ఒక పాంటాప్రజోల్ స్ట్రిప్ చేతిలో పెడతాం. నెల తర్వాత అదే మనిషి, అదే మాట, మళ్ళీ అదే స్ట్రిప్.

మా చెల్లెలిని కళ్యాణదుర్గం దగ్గర పల్లెకిచ్చినాం. ఐదెకరాల చీనీ (బత్తాయి) తోట, మూడు బోర్లు ఎండిపోతే నాలుగోది వేసినారు, అదీ పడలేదు, కాపుకొచ్చిన చెట్లు కళ్ళముందే ఎండిపోయినాయి. దాని తర్వాత ఆరు నెలలకు ఆమెకి కడుపునొప్పి మొదలైంది. నేను ఎనిమిది నెలలు మందులు పంపించినా. ఎనిమిది నెలలు! బస్సులో డ్రైవర్ కి ఇచ్చి పంపేవాడిని, ఫోన్ చేసి ‘అమ్మీ, పరగడుపున వేసుకో’ అని జాగ్రత్తలు చెప్పేవాడిని. ఎండోస్కోపీ అయ్యింది, స్కానింగ్ రెండుసార్లు అయ్యింది, బెంగళూరుకి ఒకసారి పోయొచ్చినారు, అన్నీ కలిపి అరవై వేల దాకా అయ్యింది, అప్పు మీద అప్పు. కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకున్నాం, గాలి సోకిందేమో అని మా అత్త ఒకాయన దగ్గర తాయెత్తు కట్టించింది. దేవుడిమీద నాకు నమ్మకం ఉంది, గుడికి పోవద్దని నేను చెప్పను, పోయిరండి, వచ్చేటప్పుడు డాక్టర్ దగ్గర కూడా ఆగండి అంతే.

చివరికి సర్వజనాసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ, రిపోర్టుల కట్ట అంతా పక్కన పెట్టి, మా చెల్లెలి మొహం చూసి అడిగింది. అమ్మా ఈ మధ్య నీకు ఏ పనిమీదైనా ఆసక్తి ఉంటోందా? టీవీ చూడబుద్ధి అవుతోందా, పిల్లోళ్ళతో మాట్లాడబుద్ధి అవుతోందా? ఎందుకు బతికుండాలి అనిపిస్తోందా? మా చెల్లెలు భోరున ఏడ్చేసింది. అనిపిస్తోంది మేడం, రోజూ అనిపిస్తోంది అనింది. పక్కనే నేను, మా బావ. ఇన్ని రోజులు ఆ ఒక్క మాట మేము అడగలేదు. అట్ల అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని మన భయం. డాక్టరమ్మ చెప్పింది, అడిగినంత మాత్రాన ఎవరికీ ఆ ఆలోచన కొత్తగా రాదు, అడిగితే ఉన్న బరువు కొంచెం దిగుతుంది అని. ఇది మీ పాఠకులందరికీ తెలియాలి సార్.

ఆమెది డిప్రెషన్. కడుపు ఎందుకు నొప్పి అని నేను అడిగితే, పరీక్ష రోజు నీకు కడుపులో తిప్పినట్టు ఉండేది కదా, మెదడుకీ కడుపుకీ నరాల లింకు ఉంది, మనసుకి మాటలు రాకపోతే ఒళ్ళు మాట్లాడుతుంది అనింది.

గుర్తుపట్టడం పెద్ద కష్టమేం కాదు. రెండు వారాలు, దాదాపు రోజూ, రోజులో ఎక్కువ భాగం మనసు దిగులుగా ఉన్నా, లేకపోతే ఇంతకుముందు ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి పోయినా అనుమానించాలి. దానికి తోడు నిద్ర చెడటం, ఆకలి పోవడం, ఏ పనీ చేయకుండానే అలిసిపోవడం, నావల్లే అంతా ఇట్లయింది అని తనను తాను తిట్టుకోవడం, కూర్చుంటే బుర్రలో ఏమీ నిలవకపోవడం, మనిషి నిదానమైపోవడం, చావు ఆలోచనలు. డాక్టర్లు దీనికి తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి వాడతారు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది వచ్చినా, అంతకు మించినా వివరంగా చూడాలి అని లెక్క. ఐదు నిమిషాల పని. అట్లే థైరాయిడ్, రక్తహీనత, బీ12 కూడా చూపించుకోవాలి, థైరాయిడ్ తగ్గినా అచ్చం ఇట్లే ఉంటుంది మనిషి.

మగవాళ్ళలో ఇది వేరేగా బయటపడుతుంది, ఏడుపు ఉండదు, చీటికీమాటికీ కోపం, తాగుడు ఎక్కువైపోవడం. బుడ్డల (వేరుశనగ) పంట పోయిన ఏడాది మా షాపుకొచ్చే రైతుల్లో ఎంతమందిని చూసినానో. ‘ఏమప్పా బాగుండావా’ అంటే ‘ఆ, ఉండాం’ అంటారు, కళ్ళు మాత్రం పైకెత్తరు.

ఇంకొకటి యాంగ్జైటీ, అంటే అదుపులేని ఆందోళన. మా వీధిలో డిగ్రీ చదివే అబ్బాయి, ఉన్నట్టుండి గుండె దడదడ, చెమటలు, ఊపిరాడదు, ఇప్పుడే చచ్చిపోతా అని భయం, మూడుసార్లు రాత్రిపూట ఆటోలో క్యాజువాలిటీకి ఎత్తుకుపోయినారు. మూడుసార్లూ ఈసీజీ నార్మల్. అది ప్యానిక్ అటాక్, పది నిమిషాల్లో పీక్ కి పోయి దానంతట అదే దిగుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు గుండె చూపించుకోవాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ గుండె బాగుందని తేలినాక ‘నీకేం లేదు పో’ అని పంపేస్తే ఎట్లా, ఆ పిల్లోడు కాలేజీకి పోవడమే మానేసినాడు.

ఇప్పుడు మందుల సంగతి, ఇది నా వృత్తి కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తా. మన జనాలకి రెండు రకాల మాత్రలూ ఒకటే, ‘నిద్రమాత్రలు’. కాదండీ. ఆల్ప్రజోలమ్ లాంటివి అరగంటలో హాయిగా చేస్తాయి, కానీ వారాలు గడిస్తే అలవాటు పడిపోతారు, ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ కూడా రావొచ్చు. అందుకే అది షెడ్యూల్ హెచ్1 లో ఉంది, చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చింది విడిగా రిజిస్టర్ లో రాసి మూడేళ్ళు దాచాలి. అయినా చీటీ లేకుండా అమ్మేవాళ్ళు ఉన్నారు, కొత్తలో తెలిసినవాళ్ళు అడిగితే నేనూ ఇచ్చినా, ఇప్పుడు తలుచుకుంటే బాధ వేస్తుంది. డిప్రెషన్ కి ఇచ్చే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఆక్సిటిన్ వేరే జాతి. ఇవి మత్తు మందులు కాదు, డోసు పెంచుకుంటూ పోవాలనే తపన పుట్టించవు. కాకపోతే పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మొదటి వారంలో వికారం, కొంచెం అలజడి ఉండొచ్చు, మనవాళ్ళు సరిగ్గా అప్పుడే ‘ఇది పడలేదు’ అని ఆపేస్తారు.

మా చెల్లెలికి మూడో వారం దాటినాక ఒకరోజు పొద్దున్నే లేచి వాకిట్లో కల్లాపి చల్లి ముగ్గేసిందట, మా బావ ఫోన్ చేసి ఆ మాట చెప్తుంటే ఆయన గొంతు పూడుకుపోయింది. రెండు నెలలకి ఉగాది, ఓళిగలు చేసి నాకు డబ్బా కట్టి పంపింది. అంతా బాగుంది కదా అనుకుంటుంటే ఎవరో చుట్టాలావిడ ‘తిక్క డాక్టరు మాత్రలు మింగితే జీవితాంతం మింగాల్సిందే’ అనిందట, నాకు చెప్పకుండా ఆపేసింది, నెలన్నరకు మళ్ళీ మొదటికొచ్చింది. బాగైనాక కూడా కనీసం ఆరు నెలలు వాడి, డాక్టరే మెల్లమెల్లగా తగ్గిస్తే అప్పుడు ఆపాలి, ఈ ఒక్క ముక్క మందు ఇచ్చేటప్పుడే నాలాంటి షాపువాడు చెప్పి ఉంటే ఎన్ని ఇళ్ళు బాగుపడేవో. రెండోసారి పూర్తిగా వాడింది. మందుతోపాటు కౌన్సిలింగ్ కి కూడా నాలుగైదుసార్లు పోయింది, అక్కడ వాళ్ళు రోజూ చేయాల్సిన చిన్న చిన్న పనులు రాసిచ్చేవాళ్ళు, సాయంత్రం చేను గట్టు మీద అరగంట నడవడం, పక్కింటికి పోయి పది నిమిషాలు కూర్చోవడం, అంతే. కొద్దిపాటి డిప్రెషన్ అయితే మందు లేకుండా ఈ పద్ధతుల్లోనే తగ్గిపోవచ్చట. ఇప్పుడు బాగుంది. బోరు పడలేదు, అప్పు తీరలేదు, అయినా మనిషి మనిషిగా ఉంది, అప్పు గురించి మాతో పోట్లాడుతోంది కూడా.

బెంగళూరులో మానసిక వైద్యానికి పెద్ద సంస్థ నిమ్హాన్స్ ఉంది కదా, వాళ్ళు 2015-16 లో 12 రాష్ట్రాల్లో సర్వే చేసినారు, మన రాష్ట్రం అందులో లేదు కానీ లెక్క మనకీ వర్తిస్తుందనే నా నమ్మకం. పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైనే ఏదో ఒక మానసిక జబ్బుతో ఉన్నారు. డిప్రెషన్, యాంగ్జైటీ లాంటివి ఉన్నవాళ్ళలో నూటికి 85 మందికి వైద్యం అందడం లేదు. పక్కనే ఉన్న బళ్ళారి చూడండి, గుంతకల్లు దాటితే వచ్చేస్తుంది. 1985 ప్రాంతంలో నిమ్హాన్స్ అక్కడి పీహెచ్‌సీ డాక్టర్లకి, సిబ్బందికి ట్రైనింగ్ ఇచ్చి ఊర్లలోనే ఈ జబ్బులకు మందులు ఇప్పించింది, ఆ నమూనానే 1996 నుంచి దేశమంతా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంగా పెట్టినారు. అంటే ప్రతి కేసుకీ బెంగళూరు రైలు ఎక్కాల్సిన పని లేదు అని మన పక్క జిల్లానే చూపించింది. మన పీహెచ్‌సీల్లో బీపీ, షుగర్ చూసినట్టే ఆ తొమ్మిది ప్రశ్నలు కూడా అడగాలి, ఆశా అక్కలకి నేర్పించాలి, బాలింతలను తప్పకుండా అడగాలి.

ఇంక మిమ్మల్ని అడిగేది. 2022 అక్టోబర్ 10 నుంచి టెలి మానస్ అని ఒక ఉచిత నెంబర్ ఉంది, 14416, ఇరవైనాలుగు గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు. మా కౌంటర్ మీద అట్టముక్క మీద పెద్దగా రాసి పెట్టినా. పోయిన వారం ఒకాయన కడుపుమంట మాత్ర అడుగుతూ ఆ అట్టముక్క చూసినాడు, ఏం నెంబరు అన్నా అది అన్నాడు, చెప్పినా. ఏమీ మాట్లాడకుండా ఫోన్ తీసి ఫోటో తీసుకుని పోయినాడు. మా షాపుకి రోజుకి వంద మంది వస్తే ఎక్కువ. మీ పేపర్ చేరే ఊర్లెన్ని సార్!

ఆత్మహత్య వార్త వేసినప్పుడల్లా కింద ఆ నెంబర్ వేయండి. ‘కడుపునొప్పి తాళలేక’ అని ఒక్క కారణం తేల్చేసి హెడ్డింగ్ పెట్టొద్దు, ఎట్ల చేసుకున్నారో వర్ణించొద్దు, ఏడుస్తున్న పిల్లల ఫోటో వేయొద్దు. ఇది నేను సొంతంగా చెప్పే మాట కాదు, 2019 లో ప్రెస్ కౌన్సిల్ పేపర్లకు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇట్లే ఉన్నాయి. బతికి బయటపడినవాళ్ళ మీద ‘కేసు నమోదు’ అని భయపెట్టే మాటలు కూడా వద్దు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చినాక అట్లాంటివాళ్ళను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు. అట్లే ‘మతిస్థిమితం లేని మహిళ’ లాంటి మాటలు, మా చెల్లెలు మీ పేపర్ చదువుతుంది సార్, ఆ మాట వచ్చినప్పుడు పేజీ తిప్పేస్తుంది.

వారానికి ఒకసారి జిల్లా పేజీలో, అనంతపురం కర్నూలు కడప మూడు ఎడిషన్లలోనూ, పెద్దాసుపత్రుల మానసిక విభాగం డాక్టర్లతో పాఠకుల ప్రశ్నలకి జవాబులు వేయండి. గుంటూరు డాక్టర్ల భాషలో కాదు, మా ‘గుబులు’, ‘దడ’, ‘కడుపులో మంట’ భాషలో. మొదటి వారానికి ప్రశ్నలు కావాలంటే నా కౌంటర్ దగ్గర విన్నవి చానా ఉన్నాయి, పేర్లు లేకుండా రాసి పంపిస్తా.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు యజమాని,
అనంతపురం